ఎక్స్‌అర్రే కొత్త వెర్షన్లలో నిజంగా పనికొచ్చేవి ఏవి? 2023 నుంచి ఒకేసారి దూకుతున్నా

పాతఫైళ్ళు
అందరికీ నమస్కారం. తెలియనివాళ్ళకి, ఎక్స్‌అర్రే అంటే డేటాకి అక్షాంశం, రేఖాంశం, టైమ్ లాంటి లేబుళ్ళు తగిలించి ఉంచే పైథాన్ లైబ్రరీ. నేను ఎక్స్‌అర్రే 2023.01.0 దగ్గరే ఆగిపోయి ఉన్నాను, ప్రాజెక్టు మధ్యలో ఏదీ కదిలించొద్దని ఎన్విరాన్‌మెంట్ అలాగే ఉంచేశాం, ఇప్పుడు ఆ పని అయిపోయింది కాబట్టి మొత్తం అప్‌డేట్ చేద్దామని కూర్చున్నాను. రిలీజ్ నోట్స్ తెరిస్తే చదవడానికే ఒక వారం పట్టేలా ఉంది. అందుకే అడుగుతున్నా, రోజూ వాడేవాళ్ళు చెప్పండి, ఏది నిజంగా పని తగ్గించింది, ఏది జాగ్రత్తగా చూసుకోవాలి.

నా పని మూడు రకాలు. రెండు వేర్వేరు చోట్ల నుంచి వచ్చే రోజువారీ సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత తీసుకుని తేడా చూడటం ఒకటి. 850వ సంవత్సరం నుంచి మొదలయ్యే క్లైమేట్ మోడల్ రన్ ఒకటి. ఇంకోటి శాటిలైట్ ఫైళ్ళు, ఒక్కో నెట్‌సీడీఎఫ్ లోపల నాలుగైదు గ్రూపులు ఉంటాయి, ఒక్కో గ్రూపుని విడిగా ఓపెన్ చేసి డిక్షనరీలో పెట్టుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ.

గ్రిడ్_సెల్
మీ మూడో పనికి సమాధానం డేటాట్రీ అండీ, ఇంకేం ఆలోచించక్కర్లేదు. ముందు ఇది విడి ప్యాకేజీగా ఉండేది, 2024.10.0 నుంచి ఎక్స్‌అర్రే లోపలికే వచ్చేసింది. ఓపెన్_డేటాట్రీ అని ఫైలు పేరు ఇస్తే గ్రూపులన్నీ ఒక చెట్టులా వచ్చేస్తాయి, లోపల ఉన్న గ్రూపుని ఫోల్డర్ దారి రాసినట్టు స్లాష్ పెట్టి పిలవొచ్చు. మొత్తం చెట్టు మీద ఒకేసారి టైమ్ సగటు తీయమంటే ప్రతి కొమ్మలోనూ తీస్తుంది. మీ సొంత ఫంక్షన్ ఉంటే మ్యాప్_ఓవర్_డేటాసెట్స్ కి ఇచ్చేయండి, అన్ని గ్రూపుల మీదా అదే నడుపుతుంది. జార్ (డేటాని ముక్కలుగా దాచే ఫార్మాట్) స్టోరులో వేర్వేరు రిజల్యూషన్లు దాచుకునేవాళ్ళకి కూడా ఇదే సరైన పెట్టె.

కొత్త_మెంబర్
ఒక డౌటండీ. డిక్షనరీలో డేటాసెట్లు పెట్టుకుని ఫర్ లూప్ తిప్పినా ఇదే అవుతుంది కదా, దీనికి ప్రత్యేకంగా ఒక కొత్త క్లాసు ఎందుకు?

గ్రిడ్_సెల్
మంచి ప్రశ్న, నేను కూడా మొదట్లో ఇలాగే అనుకున్నాను. తేడా ఎక్కడంటే డిక్షనరీకి తల్లీపిల్లల సంబంధం తెలీదు. డేటాట్రీలో పైన ఉన్న నోడ్‌లో టైమ్ కోఆర్డినేట్ ఒకసారి పెడితే కింద ఉన్న పిల్లలకి అదే వారసత్వంగా వస్తుంది, ప్రతి గ్రూపులో మళ్ళీ మళ్ళీ దాచక్కర్లేదు. దాంతో పాటు ఒక కట్టుబాటు కూడా ఉంది, పైనున్న డైమెన్షన్ పేరే పిల్ల వాడితే సైజు, ఇండెక్స్ లేబుళ్ళు పైదానితో అచ్చంగా కలవాలి. లేకపోతే ఈ గ్రూపు దాని పైవాటితో అలైన్ అవ్వలేదు అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అలాంటప్పుడు వాటిని తల్లీపిల్లలుగా కాకుండా అన్నదమ్ముల్లా పక్కపక్కన పెట్టాలి. పది కిలోమీటర్ల గ్రిడ్ ఒక కొమ్మ, కిలోమీటర్ గ్రిడ్ ఇంకో కొమ్మ, ఇద్దరికీ కామన్ అయిన టైమ్ పైన. నా శాటిలైట్ ఫైళ్ళన్నీ ఇప్పుడు ఇలాగే ఉన్నాయి, పాత లూపులన్నీ తీసేశాను, ఏ వేరియబుల్ ఏ గ్రూపుదో తెలీక వెతుక్కునే పని పూర్తిగా పోయింది.

తొలినుంచి
నేను దీన్ని ఎక్స్‌రే అని పిలిచే రోజుల నుంచి వాడుతున్నాను. 2014లో ఆ పేరుతోనే బయటికి వచ్చింది, 2016లో ఎక్స్‌అర్రే అయింది. అప్పట్లో మూడు డైమెన్షన్ల డేటా అంటే పైథాన్ పట్టికల లైబ్రరీ పాండాస్‌లో ప్యానెల్ అని ఒకటుండేది, దాన్ని 2019లో 0.25 వెర్షన్‌తో తీసేసి ఇకనుంచి ఎక్స్‌అర్రే వాడుకోండి అన్నారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే పాండాస్ మీద ఆధారపడటం వల్ల వచ్చిన ఒక పాత ఇబ్బంది ఇప్పుడు తీరింది, అది మీ రెండో పనికి సంబంధించింది.

ఇదివరకు ఏ తేదీ ఇచ్చినా నానోసెకండ్లలోకి మార్చేసేది. 64 బిట్లలో నానోసెకండ్లు లెక్కపెడితే 1677 నుంచి 2262 వరకే పడతాయి, దానికి బయట ఉన్న తేదీలన్నీ వేరే క్యాలెండర్లూ తెలిసిన లైబ్రరీ సీఎఫ్‌టైమ్ ఆబ్జెక్టులుగా వచ్చేవి, ఒక్కో తేదీ ఒక్కో పైథాన్ ఆబ్జెక్టు, నెమ్మది. 2025.01.2 నుంచి సెకండ్లు, మిల్లీసెకండ్లు, మైక్రోసెకండ్లు కూడా అలాగే ఉంచుకోవచ్చు. ఫైలు తెరిచేటప్పుడు డీకోడ్_టైమ్స్ దగ్గర సీఎఫ్‌డేట్‌టైమ్‌కోడర్ పెట్టి టైమ్_యూనిట్ సెకండ్ అని ఇవ్వండి. ఏమీ ఇవ్వకపోతే ఇప్పటికీ నానోసెకండ్లే డిఫాల్ట్, అది మర్చిపోకండి.

పాతఫైళ్ళు
థాంక్స్ అండీ, వెంటనే ట్రై చేశాను కానీ ఏం మారలేదు. టైమ్_యూనిట్ సెకండ్ అని ఇచ్చినా సరే మళ్ళీ సీఎఫ్‌టైమ్ ఆబ్జెక్టులే వస్తున్నాయి. నా ఫైలులో క్యాలెండర్ నోలీప్ అని ఉంది, దాని వల్లేనా?

తొలినుంచి
అవును, దాని వల్లే. నోలీప్ అంటే ఫిబ్రవరి 29 ఎప్పటికీ రాని క్యాలెండర్, నంపై (ఎక్స్‌అర్రే కింద ఉండే అర్రే లైబ్రరీ) తేదీలకి అలాంటి క్యాలెండర్ లేదు, కాబట్టి యూనిట్ ఏదిచ్చినా సీఎఫ్‌టైమే గతి. 360 రోజుల క్యాలెండర్‌కీ అంతే.

ఇంకో మెలిక కూడా చెప్తా, ఇది చాలామందికి తగులుతుంది. క్యాలెండర్ స్టాండర్డ్ అని రాసి ఉన్నా కూడా 1582 అక్టోబర్ 15కి ముందు తేదీలుంటే సీఎఫ్‌టైమ్ లోకే వెళ్తుంది. ఎందుకంటే ఆ స్టాండర్డ్ అనేది నిజానికి రెండు క్యాలెండర్ల కలయిక, అక్టోబర్ 4 తర్వాత నేరుగా 15 వస్తుంది, దాని ముందంతా జూలియన్. నంపైది వెనక్కి ఎంత దూరం పోయినా గ్రెగోరియనే. 850 నుంచి మొదలయ్యే ఫైలులో ప్రోలెప్టిక్ గ్రెగోరియన్ అని ఉంటేనే మీకు సెకండ్ల లాభం దక్కుతుంది. క్యాలెండర్ యాట్రిబ్యూట్‌ని చేత్తో మార్చేసి లాగించేద్దాం అనుకోకండి దయచేసి, నోలీప్‌ని అలా చేస్తే లీపు సంవత్సరానికి ఒక రోజు చొప్పున జరిగిపోతూ వెయ్యేళ్ళకి ఎనిమిది నెలల తేడా వస్తుంది. సీఎఫ్‌టైమ్ నెమ్మదే కానీ మీ డేటాకి అదే సరైనది, వాడండి.

డీజేఎఫ్
సీజన్ల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి! నాకైతే అన్నిటికన్నా ఇదే పెద్ద ఊరట. ఇదివరకు టైమ్ డాట్ సీజన్ మీద గ్రూప్‌బై చేస్తే రెండు తలనొప్పులు, ఒకటి ఫలితం అక్షర క్రమంలో డీజేఎఫ్ (డిసెంబరు, జనవరి, ఫిబ్రవరిల ఇంగ్లీషు మొదటి అక్షరాలు, మిగతావీ ఇలాగే), జేజేఏ, ఎమ్ఏఎమ్, ఎస్ఓఎన్ అని వచ్చేది, అంటే చలి తర్వాత వేసవి ఆ తర్వాత వసంతం, ప్రతిసారీ రీఇండెక్స్ చేసుకోవాలి. రెండోది ఇంకా ఘోరం, ఏడాదికొక చలికాలం కావాలంటే డిసెంబరు వెళ్ళి అదే ఏడాది జనవరి ఫిబ్రవరిలతో కలిసేది, అంటే పదకొండు నెలల తేడా ఉన్న నెలలు ఒకే చలికాలం కింద లెక్క.

ఇప్పుడు సీజన్‌గ్రూపర్, సీజన్‌రీశాంప్లర్ అని రెండొచ్చాయి. మనం ఇచ్చిన వరుసలోనే ఫలితం వస్తుంది, డిసెంబరు ఎటు పోవాలో దానికి తెలుసు. నాలుగు నెలల సీజన్ కావాలంటే జేజేఏఎస్ అని రాస్తే చాలు. సీజన్‌గ్రూపర్‌లో ఒక నెల రెండు సీజన్లలో ఉన్నా ఒప్పుకుంటుంది, రీశాంప్లర్‌లో మాత్రం అలా కుదరదు. రీశాంప్లర్ సగం సీజన్లని వదిలేస్తుంది కూడా, డేటా జనవరిలో మొదలైతే ఆ మొదటి జనవరి ఫిబ్రవరిలతో చలికాలం కట్టదు. రెండు నెలల సగటుని మూడు నెలలదిగా గ్రాఫ్‌లో పెట్టే తప్పు నేను రెండు చోట్ల పట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

సముద్రమట్టం
పైన చెప్పినవన్నీ మంచివే, కాదనను. కానీ పాతఫైళ్ళు గారి మొదటి పని చదవగానే నాకు గుండె జారింది, రెండు చోట్ల నుంచి వచ్చిన డేటా తీసివేయడం అన్నారు కదా. ముందు ఒక్క పని చేయండి, తేడా తీసిన తర్వాత వచ్చిన అర్రే షేప్ ఎంతుందో ప్రింట్ చేసి చూడండి. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగు.

నా దగ్గర 0.1 డిగ్రీ గ్రిడ్ ఉన్న డేటాలు రెండు. లాట్ (అక్షాంశం) మైనస్ 90 నుంచి 90 వరకు 1801 పాయింట్లు, లాన్ (రేఖాంశం) 3600. ఒకదాంట్లో లాట్ లాన్ ఫ్లోట్32లో ఉన్నాయి, రెండోదాంట్లో ఫ్లోట్64లో. ప్రింట్ చేస్తే రెండూ 0.1, 0.2, 0.3 అని ఒకేలా కనిపిస్తాయి. రెండిటినీ తీసేశాను. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. మ్యాపు వచ్చింది, బాగుంది. ప్రపంచ సగటు తేడా కూడా నమ్మేలాగే ఉంది. దాని మీద చాలా రోజులు పని చేశాను. తర్వాత ఒకరోజు ఎంత విస్తీర్ణంలో తేడా ఒక డిగ్రీ దాటింది అని సెల్ వైశాల్యాలు కూడితే, ఉండాల్సినదాంట్లో ఇంచుమించు ఇరవై ఐదో వంతు వచ్చింది. అప్పుడు షేప్ చూశాను. 361 బై 720.

అంటే రెండిట్లో లేబుళ్ళు అచ్చంగా కలిసిన చోట్లు మాత్రమే ఉంచి మిగతాదంతా మాట్లాడకుండా వదిలేసింది. అర్థమెటిక్‌లో డిఫాల్ట్ జాయిన్ ఇన్నర్. మిగిలినవేంటంటే సరిగ్గా అర డిగ్రీకి ఒకటి, చూడ్డానికి చక్కటి 0.5 డిగ్రీ గ్రిడ్‌లా ఉంది, అందుకే అనుమానమే రాలేదు. 64 లక్షల 83 వేల పాయింట్లలో 2 లక్షల 60 వేలు మిగిలాయి. లేబుళ్ళు ఉంటే తప్పులు జరగవు అనే ధైర్యంతోనే మనం ఈ లైబ్రరీకి వచ్చాం, ఆ లేబుళ్ళే కలవనప్పుడు అది గట్టిగా అరవాలి, అరవకపోతే నంపై కన్నా ప్రమాదం. నంపైలో కనీసం షేప్ తేడా ఉంటే ఆగుతుంది.

కొత్త_మెంబర్
అయ్యో. కానీ సరిగ్గా అర డిగ్రీకే ఎందుకు కలిశాయండీ? అది యాదృచ్ఛికమా?

సముద్రమట్టం
కాదు, దానికి కారణం ఉంది. కంప్యూటర్ భిన్నాలని రెండు, నాలుగు, ఎనిమిది ఇలా రెండు ఘాతాల భాగాలుగా దాస్తుంది. అర అంటే రెండో భాగం, కచ్చితంగా పడుతుంది, ఫ్లోట్32లో అయినా 64లో అయినా ఒకే విలువ. 0.1 అలా పడదు, ఎక్కడో ఒకచోట కోసెయ్యాలి, 32లో తొందరగా కోస్తుంది, 64లో ఇంకా దూరం వెళ్ళి కోస్తుంది. ఫ్లోట్32లోని 0.1ని 64లోకి తెచ్చి చూడండి, 0.10000000149 అని కనిపిస్తుంది. కాబట్టి పది పాయింట్లలో .0, .5 రెండే కలుస్తాయి, అంటే ఐదో వంతు. లాట్‌లో ఐదో వంతు, లాన్‌లో ఐదో వంతు, రెండూ గుణిస్తే ఇరవై ఐదో వంతు. అదే 0.25 డిగ్రీ గ్రిడ్ వాడేవాళ్ళకి ఈ సమస్యే రాదు, 0.125, 0.375 ఇవన్నీ కచ్చితంగా పడే సంఖ్యలు. అందుకే పక్కవాళ్ళకి పనిచేసిన కోడే మనకి ఇలా చేస్తుంది.

చంక్_సైజ్
సముద్రమట్టం గారు చెప్పింది తీసివేత సంగతి. అదే రెండు రకాల ఫైళ్ళని ఓపెన్_ఎమ్ఎఫ్‌డేటాసెట్‌తో టైమ్ వెంట కలిపితే దీనికి సరిగ్గా తిరగబడి జరుగుతుంది, అక్కడ డిఫాల్ట్ జాయిన్ ఔటర్. కలవని లేబుళ్ళన్నీ కూడా ఉంచి ఖాళీల్లో నాన్ (విలువ లేదు అనే గుర్తు) నింపుతుంది. లాట్ 1801 కాస్తా 3241 అవుతుంది, లాన్ 3600 కాస్తా 6480. ఒక రోజుకి 52 మెగాబైట్లు ఉండాల్సింది 168 మెగాబైట్లు. డాస్క్ (డేటాని చంకులనే ముక్కలుగా చేసి పని పంచే లైబ్రరీ) వర్కర్లు మెమరీ చాలక పడిపోతున్నాయి అని నా దగ్గరికి ఎవరైనా వస్తే ఇప్పుడు నేను మొదట అడిగేది చంక్ సైజు కాదు, కలపక ముందు షేప్ ఎంత కలిపాక ఎంత అని.

అసలు విషయానికి వస్తే, 2025లో వచ్చిన మార్పుల్లో నేను అన్నిటికన్నా పైన పెట్టేది ఇదే. సెట్_ఆప్షన్స్‌లో యూజ్_న్యూ_కంబైన్_క్వార్గ్_డిఫాల్ట్స్ ట్రూ అని పెట్టండి. దాంతో కాంకాట్, మెర్జ్, ఓపెన్_ఎమ్ఎఫ్‌డేటాసెట్ అన్నిట్లో జాయిన్ ఎగ్జాక్ట్ అవుతుంది, లేబుళ్ళు కలవకపోతే అక్కడే ఎర్రర్. ఇంకో లాభం, పాత పద్ధతిలో 365 రోజుల ఫైళ్ళు కలిపితే టైమ్‌తో సంబంధమే లేని నేల మాస్క్ లాంటి వేరియబుల్‌కి కూడా టైమ్ తగిలించి 365 కాపీలు చేసేది, కొత్త డిఫాల్ట్‌లో అలా చేయదు. పెట్టకపోయినా, కొత్త డిఫాల్ట్‌తో ఫలితం మారే చోట ఫ్యూచర్ వార్నింగ్ వస్తుంది, దాన్ని ఫిల్టర్ చేసి దాచేయకండి, ఒక్కోటీ చదవండి. ఆ వార్నింగ్ వచ్చిన ప్రతి లైన్ దగ్గరా ఫలితం ఎందుకు మారుతుందో చూసుకోవాలి, లేబుళ్ళు కలవకపోవడం వాటిలో ఒక కారణం.

గ్రిడ్_సెల్
ఒక్క నిమిషం, ఇందులో ఒకదానికి నేను ఒప్పుకోను. జాయిన్ ఎగ్జాక్ట్ అయింది, సంతోషం. కానీ అదే ప్యాకేజీలో కంపాట్ అనేది ఓవర్‌రైడ్ అయింది, అది మాత్రం గట్టిగా అరిచేది కాదు, మొదటి ఫైలులో ఉన్నది తీసుకుని మిగతావాటిని చూడను కూడా చూడదు. అంటే మీ నేల మాస్క్ జనవరి ఫైలులో ఒకలా మార్చి ఫైలులో ఇంకోలా ఉంటే జనవరిది తీసుకుని వెళ్ళిపోతుంది. మోడల్ మధ్యలో మాస్క్ మార్చిన రన్ ఒకటి నేను చూశాను. ఒక చోట తలుపు వేసి ఇంకో చోట కిటికీ తీసినట్టు ఉంది ఇది.

చంక్_సైజ్
మీ మాట నిజమే, నేను అది చెప్పకుండా వదిలేయడం తప్పు. ఎందుకలా పెట్టారంటే వేగం కోసం, పాత పద్ధతిలో ఇవి సమానమా కాదా అని చూడటానికి ప్రతి ఫైలులోనుంచీ ఆ వేరియబుల్స్ చదవాల్సి వచ్చేది, వేల ఫైళ్ళు క్లౌడ్‌లో ఉంటే తెరవడానికే బోలెడు సమయం. చాలామంది ఇప్పటికే చేత్తో ఓవర్‌రైడ్ రాసుకుంటున్నారు, దాన్నే డిఫాల్ట్ చేశారు. నేను చేసేది చెప్తాను, కొత్త డేటా మొదటిసారి వచ్చినప్పుడు కంపాట్ ఈక్వల్స్ అని స్పష్టంగా రాసి ఒకసారి నడుపుతాను, ఎంత సేపు పట్టినా సరే. అది దాటితే ఆ తర్వాత రోజూ నడిచే స్క్రిప్టులో ఓవర్‌రైడ్. మాస్క్ మారే అవకాశం ఉన్న డేటా అయితే ఎప్పుడూ ఈక్వల్సే.

ఇంకోటి, ఆ కొత్త ఆప్షన్ కలపడానికి మాత్రమే. కూడికలు తీసివేతలకి ఇన్నర్ అలాగే ఉంది. సముద్రమట్టం గారికి జరిగింది ఆగాలంటే సెట్_ఆప్షన్స్‌లోనే అర్థమెటిక్_జాయిన్ ఎగ్జాక్ట్ అని వేరే పెట్టాలి. ఇది కొత్తది కాదు, ఎప్పటినుంచో ఉంది, వాడేవాళ్ళే తక్కువ.

పాతఫైళ్ళు
చదివి నా పాత స్క్రిప్టు పైన ఆ రెండు ఆప్షన్లూ పెట్టి నడిపాను. తీసివేత లైను దగ్గరే ఆగిపోయింది, జాయిన్ ఎగ్జాక్ట్ కానీ ఇండెక్సులు సమానంగా లేవు అని. ఆప్షన్ తీసేసి షేప్ చూస్తే 361, 720.

ఏం రాయాలో తెలియడం లేదు. రిపోర్టులో ఫిగర్ కింద గ్రిడ్ 0.5 డిగ్రీ అని ఉంది. అది నేనే రాశాను, డేటా అలాగే వస్తోంది అనుకుని. రెండు సోర్సులూ 0.1 డిగ్రీవే. ఒకదాంట్లో ఫ్లోట్32, ఇంకోదాంట్లో ఫ్లోట్64, అచ్చం మీరు చెప్పినట్టే. దీన్ని సరిగ్గా ఎలా కలపాలి? జాయిన్ ఓవర్‌రైడ్ అని పెట్టేస్తే సైజులు ఒకటే కాబట్టి అయిపోతుందా?

సముద్రమట్టం
ముందు కంగారు పడకండి, పట్టుకున్నారు కదా, అదే ముఖ్యం. కానీ ఓవర్‌రైడ్ మాత్రం పెట్టొద్దు, దయచేసి. ఓవర్‌రైడ్ సైజు తప్ప ఇంకేమీ చూడదు, మొదటిదాని లేబుళ్ళు తీసి రెండోదానికి అతికించేస్తుంది. ఒక ఫైలులో లాట్ మైనస్ 90 నుంచి పైకి, ఇంకోదాంట్లో 90 నుంచి కిందికి ఉంటే ఉత్తర ధ్రువంలోంచి దక్షిణ ధ్రువాన్ని తీసేస్తుంది. ఈ రెండు అమరికలూ మామూలుగా కనిపించేవే.

చేయాల్సింది ఇది. ఫ్లోట్32 ఉన్న దాని లాట్‌ని ఫ్లోట్64కి మార్చి ఒక్క దశాంశానికి రౌండ్ చేసి అసైన్_కోఆర్డ్స్‌తో తిరిగి పెట్టండి, లాన్‌కీ అంతే. మార్చడం ముందు, రౌండ్ తర్వాత, ఈ వరుస ముఖ్యం, 32లోనే రౌండ్ చేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. రెండో డేటాకి కూడా అదే రౌండ్ చేయండి, అక్కడ 0.30000000000000004 లాంటివి ఉన్నా సర్దుకుంటాయి. అప్పుడు ఎగ్జాక్ట్ పెట్టి తీసేయండి. లాట్ దిశ వేరైతే ఎగ్జాక్ట్ ఒప్పుకోదు, ముందు సార్ట్‌బై లాట్ చేసుకోండి.

లాన్ ఒకదాంట్లో 0 నుంచి 360 వరకు, ఇంకోదాంట్లో మైనస్ 180 నుంచి 180 వరకు ఉందేమో కూడా చూడండి. అలా ఉంటే ఇన్నర్ సగం భూగోళాన్ని వదిలేస్తుంది. 180 కూడి 360తో భాగించి శేషం తీసి 180 తీసేయడం అందరికీ తెలిసిందే, కానీ ఆ లెక్క తర్వాత మైనస్ 169.9 రావాల్సిన చోట మైనస్ 169.89999999999998 వస్తుంది, కాబట్టి అది చేశాక కూడా రౌండ్, తర్వాత సార్ట్‌బై లాన్.

కొత్త_మెంబర్
నేను మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, రీఇండెక్స్_లైక్ నియరెస్ట్ అని ఇస్తే ఇవన్నీ ఒక్క లైనులో అయిపోవా?

సముద్రమట్టం
అవుతాయి, కానీ టాలరెన్స్ ఇవ్వకుండా మాత్రం ఎప్పుడూ రాయకండి. ఇవ్వకపోతే ఎంత దూరంలో ఉన్నా దగ్గరిది అని తెచ్చి పెట్టేస్తుంది. 0.1 గ్రిడ్‌కి టాలరెన్స్ 0.001 ఇస్తే రౌండింగ్ తేడాలని కలుపుతుంది, నిజంగా వేరే గ్రిడ్ అయితే నాన్‌లు వస్తాయి, అప్పుడు తెలుస్తుంది.

గ్రిడ్_సెల్
ఈ రోగానికి వేరు దగ్గర మందు కూడా వస్తోంది, కొత్త ఇండెక్సులు. 2022 నుంచి లోపల పెద్ద మరమ్మత్తు జరుగుతూ వచ్చింది, ఇండెక్స్ అంటే పాండాస్ ఇండెక్సే అనే నియమం పోయింది. ఇప్పుడు రేంజ్‌ఇండెక్స్ అని ఉంది, లేబుళ్ళని జాబితాలా దాచదు, మొదలు, చివర, ఎన్ని పాయింట్లు అనేవి పెట్టుకుని అడిగినప్పుడు లెక్కకట్టి ఇస్తుంది. వంద కోట్ల పాయింట్ల అక్షం అయితే మామూలుగా 8 గిగాబైట్లు లేబుళ్ళకే పోతాయి, దీనికి రెండు మూడు సంఖ్యలు చాలు.

మోడల్ డేటాలో లాట్ లాన్ రెండూ టూడీగా ఉండే వంకర గ్రిడ్లు ఉంటాయి కదా, వాటి మీద లేబుల్ ఇచ్చి డేటా తీసే డాట్ సెల్ (sel) ఇన్నాళ్ళూ పనిచేసేది కాదు. ఇప్పుడు సెట్_ఎక్స్‌ఇండెక్స్‌తో ఎన్‌డీపాయింట్‌ఇండెక్స్ తగిలిస్తే సెల్‌లో నియరెస్ట్ ఇచ్చి ఒక చోటుకి దగ్గరి గ్రిడ్ పాయింటు తీసుకోవచ్చు. వెనకాల కేడీట్రీ (దగ్గరి పాయింటుని త్వరగా వెతికే అమరిక) ఉంటుంది. ఒక్క హెచ్చరిక, అది దూరాన్ని బల్లపరుపు మీద కొలిచినట్టు కొలుస్తుంది, డిగ్రీలు ఇస్తే డిగ్రీల్లోనే. 179.9కి మైనస్ 179.9 పక్కనే ఉందని దానికి తెలీదు, ధ్రువాల దగ్గర కూడా తప్పుతుంది. నేను ఎక్స్, వై, జెడ్ మూడు అక్షాల్లోకి మార్చి ఇస్తాను, అప్పుడు సరిగ్గా వస్తుంది.

చంక్_సైజ్
అప్‌డేట్ చేస్తున్నారు కాబట్టి చివరగా చిన్నవి మూడు. జార్ లైబ్రరీ కూడా 3కి వెళ్ళిపోతుంది, అప్పుడు టూ_జార్ రాసేది వెర్షన్ 3 ఫార్మాట్‌లో, మీ ఫైళ్ళు చదివే వేరేవాళ్ళ దగ్గర పాత జార్ ఉంటే తెరుచుకోవు. వాళ్ళు మారేవరకు జార్_ఫార్మాట్ 2 అని ఇచ్చి రాయండి. ఇంకోటి, డేటాసెట్ డాట్ డిమ్స్‌లోంచి సైజు తీసుకునే కోడ్ ఉంటే డాట్ సైజెస్‌కి మార్చుకోండి, డిమ్స్ ముందుముందు పేర్లు మాత్రమే ఇస్తుంది. గ్రూప్‌బై ఎక్కువ వాడితే దాన్ని వేగంగా చేసే ఫ్లాక్స్ లైబ్రరీ ఇన్‌స్టాల్ చేయండి, కోడ్‌లో ఏమీ మార్చక్కర్లేదు, ఉంటే అదే వాడుకుంటుంది.

పాతఫైళ్ళు
రెండు రోజులు పట్టింది, ఏమైందో రాస్తున్నా, ఇదే వెతుక్కుంటూ ఇంకొకరు రావచ్చు.

మార్చి, రౌండ్ చేసి, ఒకదాంట్లో లాట్ తిరగబడి ఉంటే సార్ట్ చేసి, ఎగ్జాక్ట్‌తో తీసేశాను. షేప్ 1801, 3600. ప్రపంచ సగటు తేడా రెండో దశాంశం వరకు పాతదే, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కానీ మా రిపోర్టులో రెండో టేబుల్ విస్తీర్ణాలది. దాంట్లో సెల్ వైశాల్యం 0.5 డిగ్రీ అనుకుని లెక్కేశాం కాబట్టి మొత్తం కొంచెం అటూఇటూగా సరిపోయింది, తీరం వెంట ఉన్న వరుసలు మాత్రం అన్నీ మారాయి. తీరానికి ఆనుకుని ఉన్న సెల్స్ చాలావరకు లెక్కలోకే రాలేదు. మ్యాపు మళ్ళీ గీస్తే ఇదివరకు నేలలా మూసుకుపోయి ఉన్న ఒక సన్నటి జలసంధి ఇప్పుడు నీళ్ళతో కనిపిస్తోంది, తేడా అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది కూడా సరిగ్గా అక్కడే.

టీమ్ అందరికీ రాశాను, రెండో టేబుల్, మూడు ఫిగర్లు మార్చి రిపోర్టు మళ్ళీ పంపుతున్నాం. సెట్_ఆప్షన్స్ రెండు లైన్లూ మా కామన్ మాడ్యూల్ మొదట్లో పెట్టేశాను, దాంతో ఇంకో స్క్రిప్టు కూడా ఆగింది, అది లాన్ 360 సమస్య, దాన్ని ఇప్పుడు చూస్తున్నా. సీజన్‌రీశాంప్లర్ పనిచేసింది. శాటిలైట్ ఫైళ్ళలో ఒకదానికి పైనా కిందా టైమ్ సైజులు వేరుగా ఉన్నాయని డేటాట్రీ తెరవనంది, గ్రిడ్_సెల్ గారూ, ఆ ఫైలు గ్రూపుల లిస్టు సాయంత్రం పెడతాను, పక్కపక్కన ఎలా అమర్చాలో ఒకసారి చూసి చెప్పగలరా?

గ్రిడ్_సెల్
తప్పకుండా పెట్టండి. ఈలోగా ఓపెన్_గ్రూప్స్ వాడండి, అది చెట్టు కట్టదు, ఒక్కో గ్రూపుకి ఒక్కో డేటాసెట్ డిక్షనరీలో ఇస్తుంది కాబట్టి సైజులు కలవకపోయినా తెరుచుకుంటుంది. పైనున్న టైమ్‌కి పేరు మార్చి తర్వాత దాన్నే డేటాట్రీ ఫ్రమ్_డిక్ట్‌కి ఇచ్చేయొచ్చు.